కళ్ళు పోయిన పటం

పటం మీద కప్పిన దుప్పటి లాగగానే మార్తమ్మ టీచరు కెవ్వున కేక పెట్టింది; ఎల్లమ్మ పటంలోని నలభై రెండు బొమ్మల్లో ఒక్కదానికీ కళ్ళు లేవు.

అది ఉదయం ఎనిమిది దాటి అయిదు నిమిషాలకు. తొమ్మిదింటికి డిటెక్టివ్ పరంజ్యోతి సికింద్రాబాదు బండి దిగి మేడ్చల్ మిషన్ బడి గేటులో అడుగుపెట్టేసరికి పోలీసు అమీన్ ప్రతాపరెడ్డి కేసు విచారించడం, ముద్దాయిని పట్టుకోవడం, బేడీలు వెయ్యడం అన్నీ అయిపోయాయి. హాలు వరండాలో స్తంభానికి ఆనుకుని జయరాజు నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, గడ్డం మీద ఆరిన నీలిరంగు మరక, చేతులకు బేడీలు.

పరంజ్యోతి ఆ ఊరికి పనిమీద రాలేదు. రైల్వే పోలీసులో ఇరవై రెండేళ్ళు చేసి, ఆ పైన సొంతంగా డిటెక్టివ్ వృత్తి పెట్టుకున్నాక, ఏ ఊరికైనా ఎవరో ఒకరు ఏడుస్తూ పిలిస్తేనే వెళ్ళడం అలవాటైంది. ఈసారి మాత్రం కోటు జేబులో ఒక పిలుపు కార్డు ఉంది. ‘నకాషి వెంకటనర్సయ్య, ఆర్టిస్టు జయరాజు కలిసి చేయు చిత్ర ప్రదర్శన. 1946 జనవరి 21, సోమవారం. సాయంత్రం నాలుగు గంటలకు జిల్లా తాలూక్దారు గారు ప్రారంభిస్తారు.’ కార్డు వెనక జయరాజు చేతిరాత: ‘నువ్వు రాకుంటే ముగ్గుర్ల ఒకడు తక్కువైతడు. జల్దీ రా.’

ముగ్గురూ ఈ బడిలోనే, ఈ హాలులోనే, ఒకే చాప మీద కూచుని అ ఆలు దిద్దారు. నలభై ఏళ్ళ కిందటి మాట. జయరాజు పలక మీద కాకిని గీస్తే అది ఎగిరిపోతుందేమో అనిపించేది. వెంకటనర్సయ్య గీస్తే ఆ కాకి పెళ్ళికి ముస్తాబై వచ్చినట్టుండేది. ఇద్దరి పలకలూ చూసి పరంజ్యోతి తన పలక తుడిచేసుకునేవాడు. ఆ తర్వాత జయరాజు బొంబాయి వెళ్ళి నూనెరంగులు నేర్చుకుని, శామీర్‌పేటలో ఇల్లు కట్టుకుని, ఇదే బడిలో డ్రాయింగు మాస్టరయ్యాడు. వెంకటనర్సయ్య తండ్రి దగ్గరే కూచుని, గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషి కులవృత్తిలో, తాతలనాటి ఎర్రటి పటాలే వేస్తూ ఉండిపోయాడు. ఇద్దరి బొమ్మలూ ఒక చోట పెట్టాలని జయరాజు పదేళ్ళుగా అంటున్నాడు. అది జరిగే రోజు ఇలా తెల్లవారింది.

“ఏం జాసూస్ సాబ్!” అమీన్ ప్రతాపరెడ్డి ఎదురొచ్చాడు. “తమాషా చూద్దామని వచ్చిన్రా? అయిపోయింది. పదకొండు గంటల బండికి మీ దోస్తును హైదరాబాదు పంపిస్తున్న. సాయంత్రం తాలూక్దారు సాబ్ వచ్చి ‘ఏంది గిది’ అంటే చూపించనీకి నాకొక ముద్దాయి ఉండాలె.”

“ఉండాలె, నిజమే. చేసినోడే ఉండాల్నా, ఎవడైనా ఫర్వాలేదా?”

అమీన్ కోప్పడలేదు, నవ్వాడు. అతను తెలివితక్కువవాడు కాదు; అదే ఇబ్బంది. “వినుండ్రి. పటం కింద ఒక గుడ్డపేలిక దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే టర్పెంటైన్ వాసన గుప్పుమంటాంది. నూనెరంగులు తుడిచే సరుకు గది, ఈ ఊర్ల ఒక్కని దగ్గరనే ఉన్నది. ఒకటి. నిన్న సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదు దాకా హాల్ల ఆయన ఒక్కడే ఉన్నడు. రెండు. శనివారం నాడు ఊరోళ్ళకు ముందుగాల చూపిస్తే అందరు పటం ముంగట గుంపైన్రు, ఈయన చెరువు బొమ్మల దిక్కు ఒక్కడు మొఖం తిప్పలే. కడుపు మండదా? మూడు.”

“ఒప్పుకున్నడా?”

“ఒప్పుకోలే. కాదనలే. నోట్ల నాలుక లేనట్టు నిలబడ్డడు. తప్పు చెయ్యనోడు గట్ల నిలబడతడా? రైలు టికెట్ దొంగలను పట్టుకున్నట్టు కాదు సాబ్ గిది.”

“టికెట్ దొంగ కూడా మొదలు ‘నేను కాదు’ అనే అంటడు అమీన్ సాబ్. అనకపోతేనే నేను పరేషాన్ అయితుంటి.”

పరంజ్యోతిని నిజంగా కలవరపెట్టిందీ అదే. జయరాజు పుట్టి బుద్ధెరిగి మౌనంగా ఉన్నది లేదు. ప్రార్థనలో ఫాదరు కళ్ళు మూసుకోమంటే, మూసుకుని కూడా పక్కవాడితో మాట్లాడేవాడు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. “ఏం రా.”

“వచ్చినవా. బండి టైముకు వచ్చిందా?”

“బండి సంగతి తర్వాత. నువ్వు తుడిచినవా?”

“నేను చెప్పేది ఏం లేదు జ్యోతి.”

“నీ కొలువు పోతది. జైలుకు పోయొచ్చినోన్ని మిషనోళ్ళు మళ్ళ గేటు దాటనియ్యరు.”

“పోనీ.”

“నీ బొమ్మలు ఇగ ఎవ్వడు గోడకు తగిలించడు.”

జయరాజు బేడీల చేతులతో గడ్డం మీది రంగు మరక గీక్కున్నాడు.

“ఎవరి కోసం రా గీ మూగనోము?”

ఒక్క క్షణం జయరాజు చూపు వరండా చివరికి వెళ్ళి, కాలిన చెయ్యిలా వెనక్కి వచ్చేసింది. పరంజ్యోతి అటు తిరిగి చూశాడు. చివరి బెంచీ మీద, మోకాళ్ళ మధ్య రెండు చేతులూ పెట్టుకుని, వెంకటనర్సయ్య కూచుని ఉన్నాడు.

పరంజ్యోతి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. వెంకటనర్సయ్య తలెత్తాడు.

“ఎవరు?”

“నేనే నర్సయ్యా. జ్యోతిని.”

గొంతు వినగానే ఆ మనిషి లేచి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. “జ్యోతీ! నీ గొంతు మారలే రా. పదేండ్లయింది. సూసినవా నా పటానికి ఏమైందో...” అని ఆగిపోయాడు. పదేళ్ళలో తన జుట్టంతా తెల్లబడింది, పొట్ట వచ్చింది, గుర్తుపట్టకపోవడం మామూలే అనుకున్నాడు పరంజ్యోతి.

“రాజుగాని మీద నీకు అనుమానమా?”

“నాకు ఎవ్వరి మీద లేదు.” వెంకటనర్సయ్య మళ్ళీ కూచుని చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. “అమీన్ సాబ్‌కు గూడ గదే జెప్పిన. విన్లే.”

*

మార్తమ్మ టీచరుకు డెబ్బై దాటాయి. ముగ్గురి చేతా బలపం పట్టించిన చెయ్యి ఇప్పుడు తాళపుచెవుల గుత్తిని వదలకుండా పట్టుకుని ఉంది.

“టైములు చెప్పండి టీచర్. నిమిషాలతో సహా.”

“నన్ను కూడా ముద్దాయిని చేస్తవా బిడ్డా?”

“నా దగ్గర పన్నెండో ఎక్కం ఎన్నిసార్లు అప్పజెప్పించుకున్నరు? ఇయ్యాల నా వంతు.”

ఆమె కళ్ళు తుడుచుకుని చిన్నగా నవ్వింది. తర్వాత చెప్పింది, ఎక్కం అప్పజెప్పినట్టే. నిన్న ఆదివారం మూడు గంటలకు వెంకటనర్సయ్యా, పటం ముందు కథ పాడే గాలయ్యా వస్తే హాలు తెరిచింది. మూడున్నరకు ఆడవాళ్ళ ప్రార్థనకు గంట కొట్టారు, ఆమె చర్చికి వెళ్ళింది. అప్పుడే గాలయ్య కూడా బయటికి వచ్చాడు. పటంలోని ఎల్లమ్మకు దీపం పెట్టి వస్తానని వెంకటనర్సయ్య ఒక్కడే ఉండి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నాలుగున్నరకు ప్రార్థన ముగిసి ఆమె వచ్చేసరికి ఆయన బయట ఉన్నాడు, పటం మీద దుప్పటి కప్పి ఉంది. అప్పుడు జయరాజు శామీర్‌పేట నుంచి సైకిలు మీద చివరి బొమ్మ తెచ్చి తగిలించుకున్నాడు. అయిదింటికి తాళం. తాళపుచెవి రాత్రంతా ఆమె దిండు కింద ఉంది. కిటికీలకు ఇనుప చువ్వలు. పొద్దున్నే ఎనిమిదింటికి మళ్ళీ తీసింది ఆమే.

“నర్సయ్య ఏమైనా అడిగిండా టీచర్?”

“లోటాడు నీళ్ళు అడిగిండు. దీపం పెట్టే ముందు చెయ్యి కడుక్కోవాలె కదా. ఇచ్చిన.”

“లోటా తిరిగి ఇచ్చినప్పుడు?”

“ఖాళీదే.”

“కడుక్కున్న నీళ్ళు ఎక్కడ పోసిండు? హాల్ల నేల తడిగా ఉన్నదా?”

ఆమె ఆలోచించింది. “లేదు బిడ్డా. చీపురు పట్టింది నేనే. ఎండుగడ్డి లెక్క ఉన్నది.”

పరంజ్యోతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ నలభై.

*

హాలులో ఎడమ గోడ జయరాజుది. పదకొండు బొమ్మలు. శామీర్‌పేట చెరువు పొద్దున, మధ్యాహ్నం, వాన ముందు; వల విసిరే బెస్తవాళ్ళు; ఊరివాళ్ళ ముఖాలు ఆరు, ఇప్పుడే పిలిస్తే పలికేటట్టు. కుడిగోడకు ఒక్కటే బొమ్మ. అయిదు మూరల గుడ్డ మీద రక్తం లాంటి ఎరుపు, దాని మీద ఏడు వరుసలు, వరుసకు ఆరు బొమ్మలు. గణపతి మొదలుకుని కింద కుండలు మోసే ఆడవాళ్ళ దాకా అందరూ నిండుగా నగలు పెట్టుకుని, అందరూ గుడ్డివాళ్ళై నిలబడి ఉన్నారు.

పరంజ్యోతి భూతద్దం తీశాడు. ఎక్కడా గీకిన గీత లేదు. ముఖాల పసుపు చెదరలేదు. కళ్ళుండవలసిన చోట మాత్రం రెండేసి మసక మచ్చలు. ఎవరో తడిగుడ్డను వేలి కొసకు చుట్టి, అద్ది, తీసి, అద్ది, తీసి, ఓపికగా చేసిన పని.

“టర్పెంటైన్ పేలిక ఇవ్వండి.”

అమీన్ ఇచ్చాడు. పరంజ్యోతి వరండాలోకి కేకేసి పటం యజమాని అనుమతి అడిగాడు. “కానియ్” అన్నాడు వెంకటనర్సయ్య గొంతు. పటం అంచులో ఒక పువ్వు మీద ఆ పేలికతో గట్టిగా రుద్దాడు. పువ్వు చెక్కుచెదరలేదు. అప్పుడు తన వేలు నాలుక మీద తడిపి పక్క పువ్వు మీద అద్దాడు. వేలికి ఎరుపు అంటుకుంది.

“ఇవి చెట్టుజిగురుతో కలిపిన రంగులు, అమీన్ సాబ్. టర్పెంటైన్ వీటికి దుమ్ముతో సమానం. నీళ్ళయితేనే కరుగుతయి. పేలిక జయరాజు తన చట్రాలు తుడుచుకున్నది, జేబుల నుంచి జారింది.”

అమీన్ తొణకలేదు. “మస్తుగ చూపించిన్రు. సరే, నీళ్ళతోనే తుడిచిండనుకుందాం. బడి బావి ఎండిపోయిందా? అరగంట టైము ఉన్నది, నీళ్ళున్నయి, మండే కడుపున్నది. నా కేసుల పేలిక ఒక్కటే పోయింది. బండి టైము పోలే.”

సరైన జవాబే. పరంజ్యోతి కిందికి వంగాడు. పటం కింద మట్టి ప్రమిద ఉంది. అందులో నూనె ఉంది. ఒత్తి తెల్లగా, కొస నలగకుండా, వెలిగించనే లేదని చెబుతోంది.

“గది సూడుండ్రి, నేను పొద్దుగాలనే సూసిన,” అమీన్ వేలు చూపించాడు. “కింది వరుసల కుక్క. దాని కండ్లు మాత్రం వదిలిపెట్టిండు. జాలి గల దొంగ!”

పరంజ్యోతి అటు చూశాడు. కుండలు మోసే ఇద్దరాడవాళ్ళ మధ్య సందులో, బొటనవేలంత కుక్క. తెల్లది. ఎడమ చెవి కొస చినిగి ఉంది.

మోతి! ముగ్గురి వెంటా బడికి వచ్చి, సాయంత్రం నాలుగింటి దాకా ఆ గేటు దగ్గరే పడుకునే మోతి. దాని చెవి చినిగింది తన చేతుల్లోనే, ముళ్ళకంచె దాటిస్తుంటే. అది చచ్చిపోయిన రోజు జయరాజు పలక మీద దాన్ని గీసి, వారం రోజులు ఎవరినీ పలక ముట్టనివ్వలేదు. లెక్కలు చెయ్యనందుకు మార్తమ్మ టీచరు కొట్టబోయి, పలక చూసి బెత్తం కింద పెట్టేసింది.

భూతద్దం ఆ కుక్క ముఖం మీద పెట్టాడు. రెండు నల్లని కనుపాపలు. ఒక్కోదానిలో సూదిమొనంత తెల్లచుక్క, వెలుగు పడి మెరిసినట్టు.

లేచి, హాలు అడ్డంగా దాటి, ఎదుటి గోడ మీది ముఖాల దగ్గరికి వెళ్ళాడు. ఆరు ముఖాలు, పన్నెండు కళ్ళు. ప్రతి కంటిలోనూ అదే తెల్లచుక్క.

మళ్ళీ పటం దగ్గరికి వచ్చి జాన చాచాడు. ముఖానికీ ముఖానికీ మధ్య ఒక జాన. ఇంకో రెండు ముఖాలు, ఒక జాన. వరుసకూ వరుసకూ జానెడు మీద రెండు వేళ్ళు, ఎక్కడ కొలిచినా అంతే. వెంకటనర్సయ్య తండ్రి స్కేలు ముట్టేవాడు కాదు. గుడ్డ మీద చెయ్యి పరిచి, జానలు పాకించుకుంటూ, కళ్ళు కొడుకు మీద పెట్టి మాట్లాడుతూనే చోటు చెప్పేవాడు. ఈ పటంలో ఆ జాన పడని బొమ్మ ఒక్కటే ఉంది. కుక్క.

“ఏం కొలుస్తున్రు? అంగీ కుట్టిస్తరా?” అన్నాడు అమీన్.

“పది నిమిషాలు ఇయ్యండి.”

“ఇరవై తీసుకోండ్రి. పదిన్నరకు మాత్రం నేను బయల్దేరుత.”

*

గాలయ్య బడి వెనక, మూటల పక్కన, కంచు తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. సాయంత్రం తాలూక్దారు ముందు పటం విప్పి కథ పాడవలసిన వాడు. పొద్దున్నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“నిన్న మూడు గంటలకు కండ్లున్నయా తాతా?”

“ఉన్నయయ్యా! ఈ కండ్లతోని సూసిన. మొఖంల మొఖం పెట్టి సూసిన.” గాలయ్య దగ్గరికి జరిగాడు. “మా తాత కాలం నుంచి పటాలు మోస్తున్నం. గసొంటి కండ్లు నేనెన్నడు సూడలే. అమ్మ కండ్లల్ల తడి మెరుస్తాంది. ఏడుస్తున్నట్టే ఉన్నది. గా మాటనే నకాషయ్యకు జెప్పిన.”

“ఆయనేమన్నడు?”

“ఏమనలే. గోడకు చెయ్యి పెట్టుకుని జరంతసేపు నిలబడ్డడు. ఇగ మీరు పోండ్రి, నేను దీపం పెట్టి వస్త అన్నడు.”

“కండ్లు ఎవరు పెట్టాలె తాతా, పటానికి?”

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు గాలయ్య. “నకాషాయననే. అన్ని రంగులు ఇంట్ల ఆడోళ్ళు నింపినా నింపుతరు. కండ్లు మాత్రం ఆఖరున, ఉపాసముండి, కొబ్బరికాయ గొట్టి, ఆయన చేతనే తెరవాలె. కండ్లు తెరిచిన చెయ్యిదే పటం. వేరే చెయ్యి పడితే మేం ఎత్తం. పాడం. గంగల కలిపేస్తం. గా నకాషి గడప ఇగ తొక్కం గూడ.”

“నువ్వు పోల్చలే. వేరే నకాషీలు చూస్తే?”

“చేర్యాల నుంచి నాలుగిండ్లోళ్ళు మధ్యాహ్నం దిగుతున్రు గద. వాళ్ళకు ఒక్క సూపు సాలు. ఎవరి గీత ఎవరిదో దూరం నుంచే జెప్తరు.”

పరంజ్యోతికి ఇంక అడగవలసింది లేదు. పద్ధెనిమిదేళ్ళకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి, చిక్కుముడి విడిపోయిన క్షణంలో ఒంట్లోకి ఒక హుషారు వచ్చేది. ఇవాళ రాలేదు. ఒక స్నేహితుణ్ణి విడిపించడానికి ఇంకో స్నేహితుణ్ణి నలుగురిలో నిలబెట్టాలి. ఆ నిలబెట్టడంతో నాలుగు తరాల నకాషి ఇల్లు మూతపడుతుంది.

*

వరండా చివరి బెంచీ మీద వెంకటనర్సయ్య పక్కన కూచున్నాడు. చిన్నప్పుడు కూచున్నట్టే, భుజానికి భుజం తగిలేలా. ఎండ ఏటవాలుగా ఆ ముఖం మీద పడుతోంది. కంటిపాపల మీద పాలమీగడ లాంటి పొర ఇప్పుడు స్పష్టంగా కనిపించింది.

“నర్సయ్యా, నీ పటంల మోతి మస్తుగ కుదిరింది రా.”

“ఏ మోతి?”

“మన మోతి. చినిగిన చెవి. కింది వరుసల, ఇద్దరాడోళ్ళ నడుమ.”

వెంకటనర్సయ్య ముఖం ముందు అయోమయమైంది. తర్వాత, ఎక్కడి నుంచో, ఒక నవ్వు రాబోయింది. “నా పటంల కుక్క ఏంది రా? నేను...” అని అక్కడే ఆగిపోయాడు. నవ్వు ఆరిపోయింది.

“వాడు ఏసిండా?” అన్నాడు చివరికి, గుసగుసగా. “నాకు జెప్పకుంట ఏసిండా?”

“నీకు చూపించి సంతోషపెడదామని వేసి ఉంటడు. నీకు అంత కూడా కనబడదని వానికి తెల్వదు.”

“మసకమసకగ కనబడ్తదని జెప్పిన. అబద్ధం జెప్పిన.” వెంకటనర్సయ్య చేతులు మోకాళ్ళ మధ్య నలుపుకున్నాడు. “మనిషి నీడ గూడ ఆన్తలేదు జ్యోతీ, మొన్న దీపావళి నుంచి.”

పరంజ్యోతి గడియారం తీశాడు. “పది ఇరవై అయిదు. నేను అమీన్‌కు ఏం జెప్పను నర్సయ్యా. నా నోటి నుంచి రాదు. నాకు రుజువు ఉన్నది, అది నా జేబులనే ఉంటది. చెప్తే నువ్వే చెప్పాలె.”

“చెప్పకుంటె?”

“చెప్పకుంటె వాడు కూడా చెప్పడు. అది నీకు తెలుసు.”

లేచి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఇరవై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో సాక్షిని ఇలా వదిలేసి లేచిన రోజు ఇంకొకటి లేదు.

సరిగ్గా పదిన్నరకు ప్రతాపరెడ్డి టోపీ పెట్టుకున్నాడు. “దొరికిందా జాసూస్ సాబ్, ఇంకో ముద్దాయి?”

“నేను దొరికించుకునేది ఏం లేదు.”

“నేను ముందుగాలనే జెప్పిన.” అమీన్ ఇద్దరు జవాన్లకు సైగ చేశాడు. వాళ్ళు జయరాజు చెరో భుజం పట్టుకున్నారు. మార్తమ్మ టీచరు ఏడుస్తూ అడ్డం వెళితే జయరాజే ఆమెను పక్కకు జరిపాడు. “మీరు లోపలికి పోండి టీచర్. సాయంత్రం బొమ్మలు చూపియ్యాలె గద.” మెట్లు దిగాడు. మొదటి మెట్టు, రెండోది, మూడోది.

“ఆగుండ్రి.”

వరండా చివరి నుంచి వెంకటనర్సయ్య వస్తున్నాడు. ఎడమచెయ్యి గోడ మీద ఉంది. వేళ్ళు గోడను తడుముతూ, స్తంభం తగిలితే స్తంభం చుట్టూ తిరిగి, మళ్ళీ గోడ వెతుక్కుంటూ వచ్చాడు. ఇన్నాళ్ళు ఊరి కంటపడకుండా దాచిన నడక అది. ఇప్పుడు గాలయ్య చూస్తుండగా, బడంతా చూస్తుండగా, దాచలేదు.

“నర్సయ్యా, వద్దు రా!” జయరాజు ఆ పొద్దు మొదటిసారి గట్టిగా అరిచాడు. “నువ్వు కూసో! నేనే చేసిన అమీన్ సాబ్, నడువుండ్రి, నేనే!”

“నువ్వు ఊకో. ఇయ్యాల గూడ నీదే మాటనా?” వెంకటనర్సయ్య మెట్ల అంచున ఆగి, అమీన్ గొంతు వినిపించిన దిక్కుకు ముఖం తిప్పాడు. అమీన్ అప్పటికే నోటుబుక్కు తీశాడు. ఈసారి అతను నవ్వలేదు.

“రాసుకోండ్రి అమీన్ సాబ్. నా పటం కండ్లు తుడిచింది నేను. నకాషి వెంకటనర్సయ్యను. నాకు కండ్లు పోయినయి. ఏడాది కింద పొర మొదలైంది. బొమ్మలు జానతోని ఏసిన, నా చేతికి తెలుసు గాబట్టి. రంగులు నా ఇంటిది నింపింది. కండ్ల కాడికి వచ్చేసరికి నాతోని కాలే. కుంచె కొస ఏడున్నదో నాకే కానరాలే. పటాన్ని బండి మీద శామీర్‌పేటకు తీస్కపోయి వీని ఇంట్ల ఎనిమిది రోజులు పెట్టిన. నేను పక్కన కూసుని ‘గిది గణపతి, గిది అమ్మ’ అని జెప్తుంటె వీడు కండ్లు పెట్టిండు. ఎవ్వరికి జెప్పనని సిలువ మీద ఒట్టేసిండు. గా ఒట్టుకోసమే పొద్దుగాల నుంచి నోరిప్పలే.

“నిన్న గాలయ్య సూసి, అమ్మ కండ్లు తడిగ మెరుస్తున్నయి అన్నడు. మా పటంల కన్ను మెరవదు, సాబ్. నల్లగ, నిమ్మళంగ సూస్తది. మెరిసే కన్ను బొంబాయి కన్ను. వీనికి అలవాటుల చెయ్యి ఆగలే, ప్రతి కంట్ల వెలుగు పెట్టిండు. ఎనిమిది రోజులు పక్కననే కూసుని నేను గా వెలుగు సూడలే. చేర్యాలోళ్ళు వచ్చిన్రంటె ఒక్క నిమిషంల పసిగడ్తరు. గందుకే లోటాడు నీళ్ళు అడిగిన. మొఖానికి మొఖానికి జాన కొలుసుకుంట, కండువా కొస తడుపుకుంట, ఒక్కొక్కరి పేరు జెప్పి, తప్పయింది అని జెప్పి తుడిచిన. పొద్దున్నే వచ్చి, కండ్లు తెరిచిన ముహూర్తం కుదరలే, గందుకే తుడిచిన అని జెప్దామనుకున్న. నేనొచ్చేసరికి టీచరమ్మ దుప్పటి తీసింది, మీరొచ్చిన్రు, వీన్ని పట్టుకున్నరు.

“గంత వరకు నేను తప్పనుకోను. నా పటం నేను తుడుసుకున్న. గాలయ్యా, నువ్వు దాన్ని గంగల కలిపినా నేనేమనను. ఇగ నేను నకాషిని కాదు, నాకు తెలుసు.

“గాని అమీన్ సాబ్, రెండు గంటలు గా బెంచి మీద కూసున్న. పదిసార్లు లేద్దామనుకున్న. లేస్తె ఎందుకు తుడిచినవని మీరు తవ్వి తీస్తరు, నా పేరు పోతది. కూసుంటె వీడు జైలుకు పోతడు. రెండు గూడ మంచిగ తెలిసి, నేను కూసున్న. జ్యోతి వచ్చి అడిగితె గూడ కూసున్న. తుడిచినందుకు మీరు ఏ దఫా కింద కేసు పెడ్తరో నాకు తెల్వది. నేను జేసిన నేరం గా కూసునుడు. గది రాసుకోండ్రి.”